పెస్టో పాస్తా: ఆకు నల్లబడకుండా, చేదు రాకుండా, పూర్తి శాకాహారంగా చేయడం ఎలా?

ప్రశ్న: హనుమకొండ వంటిల్లు

అందరికీ నమస్కారం. పై చదువుల కోసం దూరంగా ఉంటున్న మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడల్లా పెస్టో పాస్తా చేయమని అడుగుతోంది. మా ఇంట్లో మాంసం, గుడ్డు రెండూ వండము. మా అత్తగారు ఈ విషయంలో చాలా నిష్ఠగా ఉంటారు. పచ్చి ఆకును నూరి పాస్తాలో కలపడమే కదా, రోటి పచ్చళ్ళు చేసే చేతికి అదేమంత కష్టమని పోయిన ఆదివారం మొదటిసారి ప్రయత్నించాను. ఫలితం నన్ను బాగా నిరాశపరిచింది.

శనివారం సాయంత్రం రెండు కట్టల బేసిల్ ఆకు తెచ్చి, కొత్తిమీరలాగే కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మరునాడు తీసేసరికి అక్కడక్కడ నల్లని మచ్చలు కనిపించాయి. బాగున్న ఆకులను ఏరి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు జీడిపప్పు, తురిమిన చీజ్, ఆలివ్ నూనె అన్నీ కలిపి మిక్సీ జార్‌లో వేసి, వెన్నలా మెత్తబడేదాకా మూడు నాలుగు నిమిషాలు ఆపకుండా తిప్పాను. ఆ తరువాత, పచ్చివాసన పోవాలి కదా అనుకుని, బాణలిలో కొద్దిగా నూనె వేసి ఆ ముద్దను రెండు నిమిషాలు వేయించి పాస్తా కలిపాను. పచ్చగా ఉండవలసిన ముద్ద ఉడికిన గోంగూర రంగుకు తిరిగింది. నోట్లో పెట్టుకుంటే నాలుక చివర ఒక చేదు చాలాసేపు నిలిచిపోయింది. పాస్తా కూడా ఒకదానికొకటి అంటుకుని ముద్దయింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది చీజ్ సంగతి. అది అమ్మాయి స్నేహితురాలు విదేశం నుంచి తెచ్చిన ఇటలీ చీజ్. వడ్డించే ముందు పొట్లం మీది చిన్న అక్షరాలు చదివితే, దాని తయారీలో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారని తెలిసింది. అత్తగారి పళ్ళెంలో వేయకముందే చదివినందుకు భగవంతుడికి దండం పెట్టుకున్నాను.

తెలిసినవారు దయచేసి ఈ మూడు సంగతులు చెప్పగలరు. రంగు, రుచి చెడకుండా దీన్ని నూరే పద్ధతి ఏమిటి? శాకాహారులు ఏ చీజ్ వాడవచ్చు? బేసిల్ మా ఊళ్ళో ప్రతివారం దొరకదు కాబట్టి, పెరట్లోని తులసి ఆకుతో చేయవచ్చా? కార్తీక మాసంలో అత్తగారు వెల్లుల్లి తినరు. అది లేకుండా చేస్తే రుచి పూర్తిగా పోతుందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

జవాబు 1: జెనోవాలో తెలుగువాళ్ళం

అక్కా, నమస్కారం. మావారి ఉద్యోగరీత్యా మేము ఆరేళ్ళుగా ఇటలీలోని జెనోవాలో ఉంటున్నాము. ఇది పెస్టో పుట్టిన ఊరు కాబట్టి, ఇక్కడివాళ్ళు చేసే పద్ధతిని ప్రతిరోజూ దగ్గరగా చూస్తున్నాను. మీరు రోటి పచ్చడితో పోల్చుకోవడం సరైన ఆలోచనే. ఇటాలియన్ భాషలో ‘పెస్తారె’ అంటే దంచడం, నూరడం. పెస్టో అన్న పేరు ఆ మాట నుంచే వచ్చింది. అయితే మన పచ్చడికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. మనం గోంగూరను మగ్గబెడతాము, పచ్చిమిరపకాయలను వేయిస్తాము, చివర తాలింపు పెడతాము. పెస్టో మాత్రం ఏ దశలోనూ పొయ్యి ఎక్కకూడదు. మీరు బాణలిలో వేయించిన ఆ రెండు నిమిషాలే రంగునూ వాసననూ సగం తీసేశాయి.

మిగిలిన సగం మిక్సీలోనే పోయింది. బేసిల్ ఆకు నలిగినప్పుడు లోపలి రసాలకు గాలి తగిలి, ఆకులోనే ఉండే ఒక ఎంజైము వల్ల నల్లబడుతుంది. కోసిన వంకాయ ముక్క నల్లబడేదీ ఇలాంటి కారణం చేతనే. వంకాయ ముక్కలనైతే ఉప్పు నీళ్ళలో వేసి కాపాడుకుంటాము. బేసిల్‌కు ఆ వీలు లేదు, ఎందుకంటే తడి తగిలితే ముద్ద పలచబడి వాసన తగ్గుతుంది. కాబట్టి వేడి పుట్టకుండా, తక్కువ సమయంలో పని ముగించడమే మార్గం. మూడు నాలుగు నిమిషాలు తిరిగిన మిక్సీ జార్‌ను చేత్తో ముట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉంటుంది. ఆ వేడి చాలు ఆకు వన్నె తప్పడానికి.

మా మేడ మీద ఉండే ఒక పెద్దావిడ నాకు రోట్లో చేయడం నేర్పించారు. ఇక్కడి రోలును కరారా ప్రాంతపు తెల్లని పాలరాయితో చెక్కుతారు. దాని అంచున నాలుగు చెవులు ఉంటాయి. రోకలి మాత్రం కర్రది. ఆవిడ ముందుగా వెల్లుల్లినీ నాలుగు కళ్ళుప్పు పలుకులనూ కలిపి మెత్తగా నూరి, పైన్ గింజలు వేసి, ఆ తరువాతే ఆకులను కొద్దికొద్దిగా వేశారు. ఆకుల మీద రోకలితో దంచలేదు. కుడిచేత్తో రోకలిని గోడ వెంబడి ఒక వైపుకు తిప్పుతూ, ఎడమచేత్తో రోలు చెవులు పట్టుకుని దానిని ఎదురు వైపుకు జరుపుతూ పోయారు. కళ్ళుప్పు గరుకుదనానికి ఆకు చిరిగి, చిక్కని పచ్చరసం దిగింది. చీజ్, ఆ తరువాత నూనె కలిపి పదిహేను ఇరవై నిమిషాల్లో ముగించారు. ఆ గదంతా నిండిన వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. మన ఇళ్ళలో అల్లం దంచుకునే చిన్న రాతి కల్వం ఉంటే ఇద్దరికి సరిపడా హాయిగా చేసుకోవచ్చు.

మిక్సీయే వాడాలనుకుంటే, జార్‌ను బ్లేడుతో సహా అరగంట ఫ్రీజర్‌లో ఉంచండి. ఆకును కడిగి, పొడి గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి. ముందు గింజలు, వెల్లుల్లి, ఉప్పు కచ్చాపచ్చాగా తిప్పి, ఆకులు, రెండు చెంచాల నూనె వేసి, ఒక్కొక్క క్షణం చొప్పున ఆపి ఆపి తిప్పండి. ఆకు నలిగి ముద్ద అయ్యీ కాకముందే గిన్నెలోకి తీసి, చీజ్‌నూ మిగిలిన నూనెనూ చెంచాతో కలపండి. మీరు చెప్పిన చేదు చాలావరకు నూనె వల్ల వచ్చి ఉంటుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను మిక్సీలో ఎక్కువసేపు వేగంగా తిప్పితే అందులోని వగరు, చేదు పైకి వస్తాయి. ఘాటు తక్కువగా ఉన్న నూనెను ఎంచుకుని, చివర చేత్తో కలిపితే ఆ ఇబ్బంది ఉండదు.

నలుగురికి నేను వాడే కొలత ఇది: కాడలు తీసిన ఆకు 60 గ్రాములు, పైన్ గింజలు 20 గ్రాములు, తురిమిన చీజ్ 50 గ్రాములు, నూనె 70 మిల్లీలీటర్లు, వెల్లుల్లి ఒకే ఒక్క రెబ్బ. నాలుగు రెబ్బలు వేస్తే ఆకు వాసన మరుగున పడిపోతుంది. ఇక్కడివాళ్ళు వెస్సాలికో అనే పల్లెలో పండే, ఘాటు తక్కువగా ఉండే వెల్లుల్లిని ఇష్టపడతారు. వెల్లుల్లి లేని పెస్టో కూడా ఇక్కడి దుకాణాల్లో మామూలుగా అమ్ముతారు కాబట్టి, కార్తీకంలో మీ అత్తగారికి నిస్సంకోచంగా చేసి పెట్టండి. అప్పుడు గింజలు కొంచెం పెంచితే సరిపోతుంది. పైన్ గింజలంటే మన దేశంలో చిల్గోజా పేరుతో దొరికేవి. ఖరీదు భరించడం కష్టమైతే వేయించని జీడిపప్పు వాడండి, ఇబ్బందేమీ లేదు.

ఇక పాస్తా. జెనోవాలో త్రెనెత్తె అనే పొడవాటి, కొంచెం చదునుగా ఉండే నూడుల్స్‌తోగాని, త్రోఫియె అనే చిన్న మెలికల పాస్తాతోగాని దీన్ని తింటారు. అందులో బంగాళాదుంప, బీన్స్ కూడా వేస్తారని చెబితే మన ఊళ్ళో ఎవరూ నమ్మరు. అదే అసలైన పద్ధతి, పైగా అదే మీ సమస్యకు మందు కూడా. పాస్తా 350 గ్రాములకు మూడున్నర లీటర్ల నీళ్ళు మరిగించి, లీటరుకు పది గ్రాములకు మించకుండా కళ్ళుప్పు వేయండి. వేలిగోరంత ముక్కలుగా కోసిన రెండు బంగాళాదుంపలను ముందు వేసి, ఐదు నిమిషాల తరువాత అందులోనే బీన్స్ ముక్కలు, పాస్తా వేయండి. పాస్తా లోపల సన్నని పలుకు మిగిలి ఉండగానే, గంజి వార్చినట్లు వార్చి, ఒక గ్లాసు గంజిని పక్కన ఉంచుకోండి. పెస్టోను వెడల్పాటి గిన్నెలో వేసి, రెండు మూడు చెంచాల వేడి గంజితో జారుగా చేసి, పొయ్యి మీద కాకుండా ఆ గిన్నెలోనే పాస్తా కలపండి. చిదిరిన దుంప ముక్కల పిండి వల్ల పచ్చడి ప్రతి పోగుకూ పట్టుకుంటుంది.

వార్చిన పాస్తాను చన్నీళ్ళతో కడగవద్దు, కడిగితే పచ్చడి పట్టకుండా జారిపోతుంది. పొట్లం మీద దురం గోధుమ రవ్వతో చేసినదని రాసి ఉందో లేదో చూసుకోండి. మైదాతో చేసిన పాస్తా ఎంత జాగ్రత్తగా ఉడికించినా ముద్దవుతుంది. మన వైపు ఉప్మాకు వాడే బన్సీ రవ్వ కూడా ఈ దురం గోధుమ జాతిదే, ఆ పలుకుదనం మీకు తెలిసే ఉంటుంది.

జవాబు 2: గుంటూరు పాలవాడు

అమ్మా, నేను డెయిరీ టెక్నాలజీ చదివి చీజ్ తయారీలో పనిచేస్తున్నాను కాబట్టి, మీ రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు రాస్తాను.

పాలు తాగే వయసులో ఉన్న లేగదూడ నాలుగో కడుపులో కైమోసిన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలను గడ్డకట్టిస్తుంది. దూడను కోసిన తరువాత ఆ కడుపు నుంచి తీసిన పదార్థాన్నే రెన్నెట్ అంటారు. పెస్టోలో సంప్రదాయంగా వేసే పార్మిజానో రెజ్జానో చీజ్‌ను, దాని నిబంధనల ప్రకారం, దూడ రెన్నెట్‌తోనే చేయాలి. దానితోపాటు కలిపే పెకోరినో ఫియోరె సార్దో అనే గొర్రెపాల చీజ్‌కు గొర్రెపిల్ల లేదా మేకపిల్ల రెన్నెట్ వాడతారు. గ్రానా పడానో అనే మరో ఇటలీ చీజ్ కూడా శాకాహారం కాదు. అంటే మాంసం ముక్క ఒక్కటీ లేని ఈ వంటకాన్ని, జెనోవాలో చేసినట్లే చేస్తే, మీ అత్తగారి వంటి నిష్ఠగల శాకాహారులు ముట్టుకోలేరు. మీరు కలవరపడటం న్యాయమే. హోటళ్ళలో శాకాహారమని రాసి పెట్టే పెస్టో గురించి కూడా ఏ చీజ్ వాడారని అడగడం మంచిది.

దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. ఈ రోజుల్లో ఎన్నో రకాల చీజ్‌లను శిలీంధ్రాల నుంచి తీసిన మైక్రోబియల్ రెన్నెట్‌తో చేస్తున్నారు. మన దేశంలో అమ్మే పొట్లం మీద చదరపు గడిలో ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసి, పదార్థాల జాబితాలో మైక్రోబియల్ రెన్నెట్ అన్న మాట వెతకండి. విదేశం నుంచి ఎవరో సంచిలో తెచ్చిన పొట్లం మీద ఆ చుక్క ఉండదు, కాబట్టి జాబితా చదవక తప్పదు. పేరును చూసి మోసపోవద్దు. ఐరోపా సమాఖ్య దేశాల్లో ‘పార్మెసాన్’ అన్న పేరు పార్మిజానో రెజ్జానోకు మాత్రమే చెల్లుతుందని 2008లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. అక్కడ ఆ పేరు కనిపిస్తే అది దూడ రెన్నెట్‌దేనని అర్థం. మన దేశంలో మాత్రం ఆకుపచ్చ చుక్కతో పార్మెసాన్ తరహా చీజ్ దొరుకుతుంది.

అది దొరకకపోతే బాగా మాగిన గౌడా లేదా చెద్దర్‌ను, చుక్క చూసుకుని, సన్నగా తురిమి వాడండి. శాండ్‌విచ్‌లలో పెట్టే ప్రాసెస్డ్ చీజ్ ముక్కలు మాత్రం వద్దు. వాటిలోని లవణాల వల్ల అవి వేడి పాస్తా తగలగానే జిగురుగా కరిగి, పచ్చడిని బంకగా మారుస్తాయి. పనీర్‌ను నిమ్మరసంతోనో పుల్లటి పెరుగుతోనో విరుస్తారు కాబట్టి అందులో రెన్నెట్ సమస్య లేదు గానీ, కనీసం పన్నెండు నెలలు మాగిన చీజ్‌లోని ఉప్పదనం, గాఢత దానికి రావు. జెనోవాలో కొన్ని ఇళ్ళలో ప్రెషిన్సోవా అనే పులుపు పెరుగుగడ్డను పెస్టోలో ఒక చెంచా కలుపుతారు. గుడ్డలో వేలాడదీసిన మన గడ్డపెరుగు ఆ పనికి బాగా సరిపోతుంది. చీజ్ సగం, అటువంటి పెరుగు ఒక చెంచా వేసి నేను ఇంట్లో చేస్తాను. మా పిల్లలకు అదే ఇష్టం.

జవాబు 3: బెజవాడ డాబాతోట

ఆకు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా దృష్టిలో ఈ వంట సగం ఆకులోనే ఉంది.

తులసితో చేయవద్దండీ. పూజ సంగతి పక్కన పెట్టినా, తులసి ఆకులో లవంగం ఘాటు ఎక్కువ. అరవై గ్రాములు నూరితే అది కషాయంలా ఉంటుందిగానీ పచ్చడిలా ఉండదు. బేసిల్‌కు దగ్గర చుట్టం మన ఊళ్ళలోనే ఉంది. వేసవిలో నానబెట్టుకుని తాగే సబ్జా గింజల మొక్క, అంటే రుద్రజడ, వృక్షశాస్త్రం ప్రకారం బేసిల్ జాతే. అయితే ఒకే జాతిలో వాసనలు చాలా రకాలు. సబ్జా గింజలు చల్లి పెంచిన ఆకులో చాలాసార్లు సోంపు వాసన ముందుకు వస్తుంది. అది శరబత్తులో బాగుంటుంది, పాస్తాలో అంతగా నప్పదు. కాబట్టి జెనోవీస్ రకం విత్తనమని రాసి ఉన్న పొట్లం కొనుక్కోండి.

జెనోవా పక్కన ప్రా అనే చోట గాజు ఇళ్ళలో పెంచే ఈ ఆకుకు 2005 నుంచి ఐరోపా సమాఖ్య ప్రాంతీయ గుర్తింపు ఉంది. అక్కడ ముదిరిన కొమ్మలు కోయరు. రెండు నుంచి నాలుగు జతల ఆకులు వచ్చిన లేతమొక్కను వేళ్ళతో సహా పీకి కట్ట కడతారు. మెంతికూరను మనం లేతగా పీకినట్లే అనుకోండి. ఆకు ముదిరేకొద్దీ, ముఖ్యంగా పూత పట్టాక, పుదీనా వంటి ఘాటు, చేదు వస్తాయి. మన ఎండలకు మొక్క తొందరగా పూతకు వస్తుంది కాబట్టి, చలికాలం మొదట్లో విత్తనం వేసి, మొగ్గ కనిపించగానే తుంచేస్తూ ఉండాలి. ఎనిమిది అంగుళాల కుండీలో ఒత్తుగా చల్లితే ఆరు వారాల్లో ఒక పూట పచ్చడికి సరిపడా ఆకు వస్తుంది. నా డాబా మీద సంక్రాంతి నాటి ఆకంత వాసన మరే నెలలోనూ రాదు.

మరొక ముఖ్యమైన సంగతి. మీ ఆకుకు మచ్చలు వచ్చింది మిక్సీలో కాదు, ఫ్రిజ్‌లో. కొత్తిమీరకు చలి పడుతుంది, బేసిల్‌కు పడదు. పది డిగ్రీల కంటే తక్కువ చలిలో పెడితే ఆకు నల్లబడిపోతుంది. కాడల చివరలు కత్తిరించి, పూలగుత్తిలా గ్లాసు నీళ్ళలో నిలబెట్టి, ఎండ తగలని చోట బయటే ఉంచండి. రెండు మూడు రోజులు నిగనిగలాడుతూ ఉంటుంది.

హనుమకొండ వంటిల్లు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న మళ్ళీ చేశాను. ఆకును గ్లాసులో నిలబెట్టాను, జార్‌ను ఫ్రీజర్‌లో ఉంచాను, ఆకుపచ్చ చుక్క ఉన్న చీజ్‌ను వెతికి తెచ్చాను. వెల్లుల్లి లేకుండా అత్తగారికి ముందు తీసి, మిగతా దానిలో ఒక రెబ్బను కల్వంలో నూరి కలిపాను. వేడి గంజి రెండు చెంచాలు పోసి కలిపినప్పుడు ముద్ద ఒక్కసారిగా విచ్చుకుని, లేత అరటాకు రంగులో పాస్తాకు పట్టుకోవడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. చేదు ఎక్కడా లేదు. అమ్మాయి కన్నా అత్తగారే బంగాళాదుంప ముక్కలను ఏరుకుని మరీ తిన్నారు. ఇంగువ తాలింపు పెడితే ఇంకా బాగుండేదని మాత్రం అన్నారు.

ఒక్క సందేహం మిగిలింది. పచ్చడి ఒక గిన్నెడు మిగిలింది. ఆవకాయ మీద నూనె తేలేట్లు పోసినట్లు, దీని మీదా నూనె పోసి సీసాలో బయట ఉంచితే నిలవ ఉంటుందా?

గుంటూరు పాలవాడు

ఉంచకండమ్మా, ఇది చాలా ముఖ్యమైన విషయం. ఆవకాయ నిలవ ఉండేది నూనె వల్ల మాత్రమే కాదు; మామిడికాయ పులుపు, ఉప్పు, ఆవపిండి కలిసి కాపాడతాయి. పెస్టోలో పులుపు లేదు, ఉప్పు కొంచెమే ఉంది, పచ్చి ఆకు తేమ ఉంది, మీరు తీసిన రెండో భాగంలో పచ్చి వెల్లుల్లి కూడా ఉంది. పైన నూనె పోసి గాలి అందకుండా చేస్తే, గాలి లేని చోటే పెరిగే బొటులినం అనే బ్యాక్టీరియాకు అనుకూలంగా ఉంటుంది. దాని విషం ప్రాణాంతకం, పైగా వాసనలోనో రుచిలోనో తేడా తెలియకపోవచ్చు. అందుకని బయట ఉంచనే కూడదు. ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజుల్లో తినేయండి. ఆ కాస్త సమయానికి రంగు చెడకుండా పైన పలుచగా నూనె పోయడం మంచిదే.

జెనోవాలో తెలుగువాళ్ళం

అక్కా, ఎక్కువ రోజులకు కావాలంటే ఫ్రీజర్ ఒక్కటే దారి. ఈసారి నూరినప్పుడు చీజ్ కలపకుండానే కొంత పక్కకు తీసి, ఐసు ముక్కల ట్రేలో గడి గడికీ నింపి, గట్టిపడ్డాక సంచిలో వేసి మూడు నెలల వరకు దాచుకోవచ్చు. వెల్లుల్లి ఉన్న ముక్కలనూ లేని ముక్కలనూ వేరు వేరు సంచుల్లో పెట్టి పేరు రాసుకోండి, కార్తీకంలో వెతుక్కునే పని ఉండదు. మనిషికి రెండు ముక్కల చొప్పున ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించితే ఉదయానికి కరుగుతాయి. చీజ్ అప్పుడే తురిమి కలపండి, పొయ్యి మీద మాత్రం కరిగించకండి.